ఎర్ర మూత, నీలం మూత

ఇరవై రెండు రోజుల పాటు ఆ ఇంట్లో పాలూ పంచదారా లేని కాఫీ తాగారు. తాగమన్నది ఆ ఇంటి పిల్ల. తాగింది తల్లి, తండ్రి, నానమ్మ. కలిపి చేతికిచ్చింది మాత్రం తల్లి ఒక్కతే కాబట్టి, మొహాలు చిట్లించడాలూ మూతులు విరవడాలూ అన్నీ ఆవిడ మీదే జరిగాయి.

పిల్ల డిగ్రీ ఆఖరి సంవత్సరం. చదువు పేరు ఒక్క ఊపిరిలో చెప్పడం కష్టం: ఫిజియాలజీ, ఫార్మకాలజీ, టాక్సికాలజీ. ఒంట్లో ఏది ఎలా పనిచేస్తుందో, మందు దాన్ని ఏం చేస్తుందో, ఆ మందే ఎక్కువైతే ఎలా విషమవుతుందో మూడేళ్ళు చదవాలి. నానమ్మకు నోరు తిరగక "మా మనవరాలు మూడు లజీలు చదువుతోంది" అని చెప్పుకుంటుంది. ఆ చదువులో చేరిన దగ్గర్నుంచీ పిల్ల నోట ఏ మాటకు ముందైనా 'మోతాదు' వచ్చేది. ఉప్పుకు మోతాదు, మంచినీళ్ళకు మోతాదు, తలనొప్పి మాత్రకు మోతాదు. ఒకరోజు కూరలో ఉప్పు ఎక్కువైందని తండ్రి గొణిగితే, ఆయన బరువున్న మనిషి పోవాలంటే ఎంత ఉప్పు తినాలో కంచం ముందు కూర్చునే లెక్క కట్టి చెప్పింది. ఆయనకు ఆ పూట ముద్ద దిగలేదు. నానమ్మ ఆ రోజే మనవరాలికి 'మోతాదమ్మ' అని పేరు పెట్టింది. ఇంట్లో అదే స్థిరపడిపోయింది.

ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు చెయ్యాలి. అందులో మంచి మార్కులు వస్తేనే పై చదువుకు టాక్సికాలజీలో సీటు. సీట్లేమో పన్నెండు. ప్రాజెక్టు చూసే మేడంని కాలేజీలో అందరూ 'మళ్ళీ మేడం' అంటారు. ఏం చూపించినా చూసి, కళ్ళజోడు తీసి, "మళ్ళీ చెయ్యి" అంటుందిట. మోతాదమ్మ చేత ప్రాజెక్టు పేరే నాలుగుసార్లు మార్పించింది.

చివరికి మేడం రెండు గాజు డబ్బాలు తన చేత్తోనే నింపి ఇచ్చింది. ఒకదానికి ఎర్ర మూత, ఒకదానికి నీలం మూత. రెండింట్లోనూ కాఫీ పొడే.

"ఒకరోజు ఎర్ర మూత, ఒకరోజు నీలం మూత. అంతే అమ్మా. ఏ రోజుది ఆ రోజే. మారకూడదు," అంది పిల్ల.

"రెండింటికీ తేడా ఏంటి?"

"చెప్పకూడదు. నాకూ చెప్పలేదు. ఏది ఏదో రాసి కవర్లో పెట్టి అంటించి మేడం బీరువాలో పెట్టుకుంది. ఆఖర్న తెరుస్తుంది. ఇదిగో, సమ్మతి పత్రం. చదివి సంతకం పెట్టు."

నాలుగు పేజీలు. అప్పుడు తల్లి చేతికి సబ్బు నురుగు ఉంది. ఆవిడ ఒక బడి ఆఫీసులో గుమాస్తా; పగలల్లా కాగితాలు చదవడమే పని. ఇంటికొచ్చాక కూడా చదవమంటే ఒళ్ళు మండదా! చెయ్యి తుడుచుకుని నాలుగో పేజీ అడుగున సంతకం పెట్టేసింది.

మర్నాటి నుంచి మొదలైంది. పొద్దున్నే ఆరున్నరకు ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చోవాలి. పిల్ల ఒక్కొక్కరి మణికట్టు పట్టుకుని, ఎదురుగా గడియారం పెట్టుకుని, ముప్పై సెకన్లు నాడి లెక్కపెట్టి, రెండుతో హెచ్చవేసి పుస్తకంలో రాసుకుంటుంది. నానమ్మకు రక్తపోటు చూసుకునే యంత్రం ఇంట్లోనే ఉంది, నాడి కూడా అదే చెబుతుంది. కానీ చేత్తో నాడి చూడటం రాని వాళ్ళకు యంత్రం ఎందుకని మళ్ళీ మేడం ఒప్పుకోలేదట. నాడి చూశాక కాఫీ. చదునుగా ఒక చెంచాడు పొడి, కొలిచి నూట యాభై మిల్లీలీటర్ల వేడి నీళ్ళు. ఆ తర్వాత ముప్పావుగంట కదలకుండా కూర్చోవాలి. లేవకూడదు, మెట్లు ఎక్కకూడదు, పోట్లాడుకోకూడదు. అప్పుడు మళ్ళీ నాడి.

పనికి వెళ్ళాల్సిన ఆడమనిషి పొద్దున్నే ముప్పావుగంట చేతులు ముడుచుకు కూర్చోవడమంటే ఏమిటో మూడు లజీల్లో ఏ లజీలోనూ రాసి ఉండదు. వంటంతా ఆరున్నర లోపల అవ్వాలంటే తల్లి ఐదింటికే లేవాలి. లేచింది. పొయ్యి కట్టేసి, ఆరిపోతున్న గిన్నెల వంక చూస్తూ, బల్ల దగ్గర బొమ్మలా కూర్చునేది. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే లేచి కట్టబోయినా "అమ్మా!" అని అరిచేది పిల్ల.

"చుక్కలు నా నాడిని పరిగెత్తిస్తున్నాయే," అనేది తల్లి.

"మాట్లాడకు, లెక్క తప్పుతోంది."

వారం తిరక్కుండానే మొదటి రహస్యం ఆవిడ చేతికొచ్చింది. భర్త చొక్కా ఉతకబోతే జేబులో కాగితం పొట్లం. విప్పితే పంచదార.

"ఆ చేదు నా వల్ల కాదోయ్," అన్నాడాయన గొంతు తగ్గించి. "అది గడియారం చూస్తున్నప్పుడు కాస్త వేసుకుంటున్నా. చెప్పకు. దాని చదువు పాడవుతుంది."

"చదువు పాడవుతుందని తెలిసే వేసుకుంటున్నారా?"

"కాస్తే కదా. మోతాదులోనే."

రెండో రహస్యం అత్తగారిది. నానమ్మ ఐదింటికి ముందే లేచి, బట్టల పెట్టెలో శాలువాల కింద దాచుకున్న కాఫీ పొట్లం ఒకటి చింపి, నీళ్ళు కాచుకుని, పంచదార దండిగా వేసుకుని, ఒక కప్పు పుచ్చుకుని మళ్ళీ పడుకుంటోంది. ఒకరోజు తల్లి ఇంకాస్త ముందే లేవడంతో దొరికిపోయింది.

"ఏంటి అత్తయ్యా ఇది!"

"అమ్మాయ్, నేను డెబ్భై నాలుగేళ్ళ దాన్ని. ఆ కషాయం తాగి రోజు మొదలుపెట్టమంటే ఎలా? ఇది తాగితే అది తాగే ధైర్యం వస్తోంది."

"దాంతో చెప్పండి ఆ మాట."

"అయ్యో, మనసు కష్టపెట్టుకుంటుంది. నువ్వు కూడా చెప్పకు, నీకు పుణ్యం ఉంటుంది."

తల్లికి తల పట్టుకోవాలనిపించింది. ఇంట్లో అందరికీ ఆవిడ చెవి రహస్యాల గంగాళం లాగే కనిపిస్తుంది కాబోలు. పోనీ, తానొక్కతైనా సవ్యంగా ఉంది కదా అనుకుంది. ఎర్ర మూత రోజు ఎర్ర మూతే తీసింది, నీలం మూత రోజు నీలం మూతే. పొరపాటు జరగకుండా గోడ మీద క్యాలెండర్లో ఎర్ర చుక్క, నీలం చుక్క పెట్టుకుంది. ఒక్క రోజు తప్పితే ఒట్టు.

పదో రోజు పొద్దున నాడి చూడటం అయ్యాక, తల్లి చెప్పులేసుకుంటుంటే వంటింటి సింకు కింద నుంచి నీళ్ళొచ్చాయి. పైపు జాయింటు ఊడిపోయింది. కాఫీ డబ్బాలుండే కింది అలమరా అంతా మడుగు. బడికి ఫోన్ చేసి సగం పూట సెలవు చెప్పి, ప్లంబర్ని పిలిచింది. అతను వచ్చి, సామానంతా బయటపెడితే గానీ తలదూర్చనన్నాడు. తీసి నేల మీద పెడుతుంటే చూసింది: కాఫీ డబ్బాల మూతలు రెండూ వదులుగా ఉన్నాయి. ఏది మంచి కాఫీయో కనిపెట్టాలని అత్తగారు రోజూ మూతలు తీసి వాసన చూస్తుంది. తీసిన మూత బిగించడం ఆవిడ చరిత్రలో లేదు. లోపలికి నీళ్ళు చిమ్మాయి. పైపొడి గడ్డ కట్టింది.

"అమ్మా, రెంచి అందుకోండి," అన్నాడు సింకు కింద నుంచి ప్లంబర్. "అది కాదమ్మా, పెద్దది. ఈ పైపు ఎవరు బిగించారో గానీ..."

"పోయినసారి నువ్వే బిగించావు."

"అయితే వాషరు మంచిది కాదు."

అతని వాదన ఒక చెవిన వింటూ, ఆవిడ దినపత్రిక పరిచి, రెండు డబ్బాల పొడీ దాని మీద కుమ్మరించింది. తడి ఉండలు ఏరి పారేసింది. మిగిలింది పల్చగా పరిచి కిటికీ ఎండలో పెట్టింది. డబ్బాలు కడిగి తుడిచింది. పొడి ఆరాక కాగితం మడిచి, ఇందులో సగం, అందులో సగం పోసి, దీనికి ఎర్ర మూత, దానికి నీలం మూత గట్టిగా బిగించింది. చేతులు దులుపుకుంది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో సగం సగం ఉన్న డబ్బాలను ఆవిడ చేతులు అలా ఎన్ని వందలసార్లు సర్దాయో! ఆ చేతులు ఆలోచించలేదు. మధ్యాహ్నానికి ఆవిడ బడిలో ఉంది.

ఇరవై రెండో రోజుతో ప్రయోగం ముగిసింది. తర్వాతి గురువారం సాయంత్రం పిల్ల చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుంది.

"అమ్మా! మేడం కవరు తెరిచింది. ఎర్ర మూతది మామూలు కాఫీ. నీలం మూత దాంట్లో కెఫీన్ లేదు, తీసేసిన పొడి! నా గ్రాఫ్ చూడు. ఎర్ర రోజులన్నీ పైన, నీలం రోజులన్నీ కింద. నానమ్మకీ అంతే, నాన్నకీ అంతే, నీకూ అంతే. మేడం చూసి కళ్ళజోడు తియ్యలేదమ్మా! మళ్ళీ అనలేదు! బాగుంది అంది!"

తల్లికి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"ఏంటి లేనిది?"

"కెఫీన్. కాఫీలో ఒంటి మీద పనిచేసేది అదే కదా. నీలం దాంట్లో అది లేదు."

"మరి... ముందే చెప్పలేదేం?"

"చెప్తే ప్రయోగం ఎలా అవుతుంది? అయినా కాగితంలో ఉందిగా. రెండు పొడులు వేరువేరు అని, కలవకూడదని. రెండో పేజీ. నువ్వు చదివి సంతకం పెట్టావుగా!"

కిటికీ ఎండలో, దినపత్రిక మీద, గోధుమ రంగులో కలిసిపోయిన పొడి కళ్ళ ముందు కదిలింది.

పిల్ల సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. "ఇదొక్కటీ పెట్టేసెయ్. సోమవారం రిపోర్టుతో ఇవ్వాలి."

ఈసారి తల్లి చదివింది. ఒక్క వాక్యమే ఉంది. 'ప్రయోగం జరిగిన ఇరవై రెండు రోజులూ రెండు నమూనాలనూ విడివిడిగా, కలవకుండా భద్రపరిచానని ధ్రువీకరిస్తున్నాను.'

"పొయ్యి మీద ఉంది. తర్వాత పెడతా."

"ఒక్క లైనమ్మా! నాలుగు పేజీలు చదవకుండా పెట్టినదానివి!"

"అందుకే, ఇది చదివి పెడతా."

ఆ రాత్రి భర్తకు చెప్పింది. ఆయన పకపకా నవ్వి, ఆవిడ మొహం చూసి ఆపాడు.

"దాని గ్రాఫ్ బాగుందంటోంది, మేడం బాగుందంది, నువ్వెందుకు కెలుకుతావు? పెట్టేసెయ్ సంతకం. పన్నెండు సీట్లలో ఒకటి వస్తుంది."

"బడిలో పిల్లలకు టీసీలు రాసిచ్చేది నేను. పుట్టినతేదీ ఒక్కరోజు ఇటూ అటూ రాయమని ఎంతమంది బతిమాలుతారో తెలుసా? ఎవరికీ రాయలేదు."

"అవి వేరు. ఇది కాఫీ."

శుక్రవారమంతా పిల్ల కాగితం పట్టుకుని ఆవిడ వెనకే తిరిగింది. బట్టలు ఆరేస్తుంటే వచ్చింది. బడికి బయల్దేరుతుంటే వచ్చింది. కలం కూడా మూత తీసి తెచ్చింది. చేతికి తడి ఉందనీ, కళ్ళజోడు కనబడలేదనీ, బస్సు వెళ్ళిపోతుందనీ చెప్పి చెప్పి ఆవిడకే విసుగొచ్చింది. కన్నకూతురికి భయపడి సొంత ఇంట్లో దొంగలా తిరగాల్సిన ఖర్మ ఏమిటని తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది.

శనివారం మధ్యాహ్నం పిల్ల బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు టైపు చేస్తోంది. భర్త దినపత్రిక చదువుతున్నాడు. అత్తగారు కుర్చీలో కునుకు తీస్తోంది. తల్లి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ సంతకం నేను పెట్టలేనే. పైపు కారిన రోజు రెండు డబ్బాల పొడీ తడిసింది. ఒకే కాగితం మీద పోసి ఆరబెట్టి, సగం సగం నింపాను."

టైపు కొట్టే చప్పుడు ఆగిపోయింది.

"కలిపేశావా?"

"కలిసిపోయింది."

"కలిపేసి, ఇన్ని రోజులు... అమ్మా! నీకు బుర్ర ఉందా? ఎర్ర మూత ఎర్ర మూతేనని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"మూత గురించే చెప్పావు! మూత ఏనాడూ మార్చలేదు నేను! లోపల తేడా ఏంటంటే చెప్పకూడదన్నావు! రెండూ కాఫీ పొడే, రెండిటికీ ఒకటే రంగు, ఒకటే వాసన. తడిస్తే ఆరబెట్టకుండా బూజు పట్టనివ్వమంటావా?"

"కాగితంలో ఉంది!"

"కాగితం! చేతులకు సబ్బు ఉన్నప్పుడు ఇచ్చావు కాగితం! ఐదింటికి లేచి, వండి, నీ ముందు ముప్పావుగంట దిష్టిబొమ్మలా కూర్చుని, ఆ చేదు గుటకలు మింగి, పరిగెత్తుకుంటూ బడికి పోయి... ఇంకా కాగితాలు కూడా చదవాలా నేను?"

అత్తగారు కళ్ళు తెరిచింది. "పోట్లాడుకోకూడదు కదే, నాడి పెరుగుతుంది."

"నువ్వుండు నానమ్మా!" పిల్ల కళ్ళు ఒత్తుకుంది. "అయిపోయింది. అంతా అయిపోయింది. పన్నెండు రోజులు అందరూ ఒకే పొడి తాగారు. ఇంకేం ప్రాజెక్టు, ఇంకేం సీటు!"

తల్లికి కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఆవిడ గుమాస్తా. లెక్క సరిపోని చోట ఆవిడ బుర్ర ఆగిపోతుంది. రెండు రోజుల నుంచీ అక్కడే ఆగి ఉంది.

"ఒక మాట చెప్పు," అంది. "పన్నెండు రోజులు ఒకే పొడి తాగాం. మరి ఎర్ర మూత రోజే మా నాడి ఎందుకు పెరిగింది? నాడికి మూత రంగు కనిపిస్తుందా?"

పిల్ల పుస్తకం దగ్గరికి లాక్కుంది. పేజీలు తిప్పింది. ఒక కాగితం మీద ఏవో అంకెలు రాసి కూడింది, కొట్టేసింది, మళ్ళీ కూడింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"ఏంటే?" అన్నాడు తండ్రి.

"మొదటి రోజే రుచి చూశాను," అంది పిల్ల, ఎవరి వైపూ చూడకుండా. "వేలితో కాస్త తీసి నాలిక మీద పెట్టుకున్నా. నీలం దాంట్లో చేదు తక్కువనిపించింది. అప్పుడే అర్థమైపోయింది ఏది ఏదో."

"అయితే?"

"అయితే... లెక్కపెట్టేటప్పుడు తెలుసు నాకు. ఇవాళ పెరగాలి అని. ముప్పై సెకన్లు అయ్యేటప్పుడు ఒక దెబ్బ అంచు మీద పడుతుంది కదా. ఎర్ర రోజు దాన్ని లోపల వేసుకున్నా, నీలం రోజు వదిలేశా. కొన్నిసార్లు మధ్యలో లెక్క తప్పితే కూడా... ఇంత ఉండొచ్చులే అని. ఒక్క దెబ్బ తేడా వస్తే రెండవుతుంది, రెండు తేడా వస్తే నాలుగు. కావాలని చెయ్యలేదమ్మా. నిజంగా అలాగే వినిపించింది."

తల్లికి తిడదామంటే ఒళ్ళంతా అలసటగా ఉంది. ఎవర్ని ఎక్కడి నుంచి తిట్టడం మొదలుపెట్టాలో కూడా తెలియలేదు.

కాసేపటికి పిల్ల కళ్ళు తుడుచుకుని, తల వంచుకునే అంది: "మేడంకి చెప్పకపోతే ఏం? గ్రాఫ్ పుస్తకంలో ఉన్నట్టే ఉంది. తప్పేం చూపించట్లేదుగా. నువ్వు సంతకం పెట్టేసెయ్యమ్మా."

అచ్చం తండ్రి గొంతే. ఆ తండ్రి దినపత్రిక వెనక్కి ఇంకాస్త జరిగాడు.

"ఎంత ఉప్పు తింటే మనిషి పోతాడో నువ్వు లెక్క చెప్పావు," అంది తల్లి. "ఆ అంకె ఎవరు రాశారే పుస్తకంలో? నీలాంటి పిల్ల ఒకతి ఎక్కడో కూర్చుని కొలిచి రాసి ఉంటుంది. వాళ్ళమ్మ సంతకం పెట్టేసి ఉంటుంది. నేనైతే ఇక్కడ పెట్టను. నీ కాలేజీ నీ ఇష్టం. ఫోన్ చేస్తావో మానేస్తావో నువ్వే చూసుకో." లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

నాలుగు గిన్నెలయ్యాక ముందుగదిలో పిల్ల గొంతు వినిపించింది. "మేడం, నమస్తే మేడం. శనివారం చేస్తున్నందుకు... ఒక విషయం చెప్పాలి మేడం." ఆ తర్వాత చాలాసేపు ఏడుపూ మాటలూ కలిసిపోయి వినిపించాయి. చివరికి పిల్ల వచ్చి ఫోన్ తల్లి తడిచేతిలో పెట్టింది.

"నీతో మాట్లాడుతుందట."

మళ్ళీ మేడం గొంతు తల్లి అనుకున్నంత కరుకుగా లేదు. కాస్త జలుబు చేసినట్టుంది.

"అమ్మా, మీరు పొడి కలిపింది ఏ రోజో కచ్చితంగా చెప్పగలరా? సుమారుగా వద్దు."

"పదో రోజు మేడం గారూ. ఆ పొద్దున నాడి చూడటం అయిపోయాకే పైపు ఊడింది. నేను సగం పూట సెలవు పెట్టాను. బడి సెలవు పుస్తకంలో తేదీ ఉంటుంది."

"అంటే మొదటి పది రోజులూ పొడులు విడిగానే ఉన్నాయి."

"ఉన్నాయండీ. మూత కూడా ఎప్పుడూ మార్చలేదు." ఆ మాట ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఆవిడకు తిండి సయించేలా లేదు.

"సరే. ఫోన్ స్పీకర్లో పెట్టండి. ఏమ్మా, నువ్వు లెక్క చెప్పు. మొదటి పది రోజుల్లో ఎర్ర రోజుకూ నీలం రోజుకూ సగటు తేడా ఎంత?"

"ఏడు మేడం," అంది పిల్ల.

"కలిసిపోయిన పన్నెండు రోజుల్లో?"

పిల్ల కాగితం మీది అంకె చూసింది. "ఆరు మేడం."

"ఒకే పొడి తాగించి ఆరు తేడా తెచ్చావు. అంటే ఆ ఏడులో పొడి వాటా ఒకటి. మిగతా ఆరూ నీ వేలి వాటా. అర్థమైందా? మీ అమ్మగారు ఆ రోజు పొడి కలపకపోతే నీ వేలి సంగతి నీకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. ప్రింటు చేసి అల్మారాలో పెట్టేవాళ్ళం." అవతల చీదిన చప్పుడు. "నాది కూడా తప్పే. రుచి చూస్తే తెలిసిపోయే పొడి ఇచ్చాను. ఆ ఒకటి కూడా నిజమో కాదో చెప్పలేం. ఇంట్లో ఇంకెవరైనా ఏమైనా చేశారా? తీరు తప్పిన ప్రతిదీ కావాలి నాకు. ఎవరి తప్పు వాళ్ళ చేత రాయించి, తేదీ వేయించి, సంతకం తీసుకో. ప్రాజెక్టు పేరు మార్చు. సోమవారానికే ఇవ్వాలి, గడువు పెంచను. ఫలితాలకిచ్చే మార్కులు సగం పైనే పోతాయి. సీటు సంగతి నా చేతిలో లేదు."

"మేడం, మరి ప్రయోగం..."

"మళ్ళీ చెయ్యి," అంది మేడం. "వచ్చే ఏడాది, ఎక్కడ చదివితే అక్కడ." ఫోన్ పెట్టేసింది.

పిల్ల తెల్లకాగితాలు తెచ్చి బల్ల మీద పరిచింది. "నాన్నా, నానమ్మా, మీరేమైనా చేశారా?"

తండ్రి భార్య వైపు చూశాడు. అత్తగారు కోడలి వైపు చూసింది. తల్లి కిటికీ వైపు చూసింది. ఇన్నాళ్ళూ వీళ్ళ మూటలు మోసింది చాలనుకుంది.

"కొంచెం పంచదార," అన్నాడు తండ్రి.

"ఎంత? ఎన్ని రోజులు?"

"చెంచాడు. అంటే... ఒకటిన్నర. ఐదో రోజు నుంచి... పోనీ, మూడో రోజు నుంచి రాసుకో."

"నాన్నా!"

"అరవకు. మీ నానమ్మది విన్నాక అరుద్దువు గానీ."

నానమ్మ తన పొట్లం సంగతి చెప్పాక పిల్ల అరవలేదు. రెండు చేతుల్లో మొహం పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నారు. తలెత్తాక చూస్తే నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలిసినట్టు లేదు.

"అంటే నీలం రోజుల్లో కూడా నానమ్మ ఒంట్లో కెఫీన్ నిండుగా ఉందన్నమాట. ఆవిడ నాడి తగ్గినట్టు రాశాను నేను!"

"నా నాడి నువ్వు పట్టుకున్నప్పుడల్లా ఈ లెక్క తప్పేననుకున్నా," అంది నానమ్మ. "చెప్తే ఏడుస్తావని ఊరుకున్నా."

అందరూ రాశారు. తండ్రి రెండు ముక్కల్లో తేల్చేసి, పిల్ల చూపు చూసి మళ్ళీ వివరంగా రాశాడు. నానమ్మ గుండ్రటి అక్షరాలతో ఒక పేజీ నింపింది. అందులో సగం ఆ కషాయం ఎంత చేదుగా ఉందో. తల్లి బడి ఆఫీసు పద్ధతిలో తేదీ, సమయం, కారణం రాసి, 'మూతలు మారలేదు' అని కింద గీత గీసి మరీ రాసింది.

అన్నీ దొంతి పెట్టబోతే తల్లికి అడుగున ఇంకో కాగితం కనిపించింది. అది పిల్ల రాసింది. అందరి కంటే ముందే, ఫోన్ పెట్టేసిన వెంటనే రాసినట్టుంది. సిరా అప్పటికే ఆరిపోయింది. మొదటి రోజు రుచి చూడటం, అంచు మీద పడ్డ దెబ్బలు, తోచిన అంకె వేసుకున్న రోజులు. గుర్తున్నవి తేదీలతో, గుర్తులేనివి గుర్తులేవని. తల్లి దాన్ని దొంతిలో అన్నిటికంటే పైన పెట్టింది.

అప్పుడు పిల్ల పాత ధ్రువపత్రం తీసి, 'విడివిడిగా, కలవకుండా' అన్నది కొట్టేసి, పదో రోజు తర్వాత కలిసిపోయాయని పైన రాసి ముందుకు తోసింది. తల్లి చదివింది. రెండుసార్లు చదివింది. సంతకం పెట్టింది.

"ఇప్పుడైనా పాలు పోసిన కాఫీ తాగొచ్చా?" అన్నాడు తండ్రి.

తల్లి లేచి అలమరా తెరిచింది. ఎర్ర మూత మీదా నీలం మూత మీదా పిల్ల అప్పుడే టేపు చుట్టేసింది. సోమవారం మేడంకి చూపించాలట. ఇంట్లో వేరే కాఫీ పొడి లేదు. ప్రయోగం పాడవకూడదని తల్లే కొనడం మానేసింది.

నానమ్మ నిట్టూర్చి, నెమ్మదిగా లేచి, బట్టల పెట్టె దగ్గరికి వెళ్ళింది. శాలువాల కింద చెయ్యి పెట్టి నాలుగు పొట్లాలు తెచ్చి, కోడలి చేతిలో లెక్కపెట్టి పెట్టింది. "ఆఖరివి," అంది, నగలు అప్పగిస్తున్నట్టు.

నాలుగు కప్పులు పొగలు కక్కాయి. పాలతో, పంచదారతో. సగం తాగాక పిల్ల చెయ్యి అలవాటుగా, దానికే తెలియకుండా, పక్కనున్న నానమ్మ మణికట్టు వైపు జరిగింది.

నానమ్మ చటుక్కున చెయ్యి శాలువాలో దాచేసుకుంది.

"కప్పు కింద పెట్టనియ్యవే," అంది.